రెజిన్ ఫ్లోరింగ్‌కి ఏ రోలర్ కొనాలి? స్పాంజ్ రోలర్ నా గచ్చుని ముంచేసింది

గ్యారేజీ_గోపి
మా వర్క్‌షాపు గచ్చు 6 మీటర్లు × 5 మీటర్లు. పోయిన వారం దానికి ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే రెజిన్) నేనే వేశా. గోడలకి రంగులు వేసిన చెయ్యే కదా, గోడని పడుకోబెడితే నేల, అంతేగా అనుకున్నా. మొదటి పూత స్పాంజ్ రోలర్‌తో కొట్టా. నేలంతా సోడా పొంగినట్టు నురగ. సరే, రోలర్ తేడా అనుకుని రెండో పూతకి ఇంట్లో పడున్న బొచ్చు రోలర్ తీశా. బుడగలు పోలేదు సరికదా, వాటికి తోడు నూగు కూడా అంటుకుంది. లైటు పక్క నుంచి పడితే రోలర్ తిరిగిన దారంతా గీతలు గీతలుగా కనబడుతోంది.

గీకి మళ్లీ వేయక తప్పదని అర్థమైంది. అడిగేది ఒక్కటే. షాపులో బొచ్చు పొడవు 6 మి.మీ., 10, 12, 18 అంటున్నారు, మైక్రోఫైబర్ అంటున్నారు, నేత రోలర్ అంటున్నారు, పైగా ముళ్ల రోలర్ అని ఇంకోటి చూపిస్తున్నారు. ఇందులో ఏది? "ఏదైనా ఒకటే సార్" అన్న మాట నమ్మే ఇక్కడిదాకా వచ్చా, దయచేసి ఆ మాట మాత్రం అనకండి.

ఖాళీ_బకెట్
అడుగున సోడా, పైన గొంగళి. దీన్నే డిజైన్ అని చెప్పుకుంటే సరిపోయేది కదా, అనవసరంగా నిజం ఒప్పుకున్నావు.

కోటింగ్_కాకా
రోలర్ ముచ్చట తర్వాత తమ్మీ. ముందుగాల గివి చెప్పు. డబ్బా మీద సాల్వెంట్ ఫ్రీ అని ఉన్నదా, నీళ్లతోని కలిపేదా, థిన్నర్ వాసన కొట్టేదా? ప్రైమర్ కొట్టినవా? మొత్తం ఒక్కసారే కలిపినవా, కొంచెం కొంచెం కలిపినవా? ఏ టైముకు కొట్టినవ్? గివన్ని తెల్వకుండ రోలర్ పేరు చెప్పుడంటే మనిషిని చూడకుండ గోలీ ఇచ్చినట్టే.

గ్యారేజీ_గోపి
కాకా, సాల్వెంట్ ఫ్రీ. 100% సాలిడ్స్ అని ఉంది, అంటే ఆవిరైపోయే థిన్నర్ లేనిది. ప్రైమర్ వేయలేదు, నేరుగా కాంక్రీటు మీద వేయొచ్చని డబ్బా మీద ఉంటే వదిలేశా. పూతకి ఒక 8 లీటర్ల కిట్. రెండు భాగాలూ (రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్) ఒకేసారి కలిపి, బకెట్‌లోనే రోలర్ ముంచుకుంటూ వేశా. పొద్దున తొమ్మిదికి మొదలెట్టా. సగం నేల అయ్యేసరికి బకెట్ ముట్టుకుంటే కాలింది. రోలర్ నేలకి అతుక్కుని లాగడం మొదలెట్టింది, స్పాంజ్ ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. రెండో పూత మర్నాడు. బుద్ధి రాలేదు, అదే పద్ధతి.

కోటింగ్_కాకా
అయిపాయె. నీ రోలర్‌ది పావు తప్పు, ముప్పావు బకెట్‌ది.

మైక్రాన్
లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద లీటరు పోస్తే 1 మి.మీ. మందం వస్తుంది. గోపి గారి 8 లీటర్లు 30 చదరపు మీటర్ల మీద అంటే దాదాపు 0.27 మి.మీ., అంటే 270 మైక్రాన్ల దగ్గర. రోలర్‌తో వేసే పూతకి ఇది కాస్త మందమే. ఈ మందానికి 10 మి.మీ. బొచ్చు సరిపోతుంది. 6 మి.మీ. పల్చగా పరుస్తుంది, టాప్ కోట్‌కి (ఆఖరి పైపూత) బాగుంటుంది, బాడీ కోట్‌కి (కింద వేసే అసలు పూత) మాత్రం చెయ్యి ఊరికే తిరుగుతుంది. 18 మి.మీ. అయితే బకెట్‌లో సగం అదే తాగేస్తుంది.

ఇదే గచ్చుకి 2 మి.మీ. సెల్ఫ్ లెవలింగ్ (పోస్తే తనంతట తానే చదునయ్యే మందపాటి పూత) అనుకోండి, 60 లీటర్లు కావాలి. దాన్ని ఎవరూ రోలర్‌తో పరవరు. నేల మీద పోసి పళ్ల స్క్వీజీతోనో (కర్రకి బిగించిన రబ్బరు పట్టీ) పళ్ల తాపీతోనో లాగుతారు. కాబట్టి "ఏ రోలర్" అన్న ప్రశ్నకి ముందు "ఎంత మందం" అన్నది తేలాలి.

గ్యారేజీ_గోపి
మందం పెంచే ఉద్దేశం లేదు. బండి నిలబెట్టుకోవాలి, నూనె పడితే తుడుచుకోవాలి, అంతే.

పాత_మేస్త్రి
ఇరవై ఏళ్లు ఇదే పని చేశాను, ఇప్పుడు నడుం ఒప్పుకోక చేసేవాళ్ల మీద అరుస్తూ ఉంటాను. గోపీ, రోలర్ కొనేటప్పుడు అందరూ బొచ్చు పొడవు ఒక్కటే అడుగుతారు. నేను అది ఆఖర్న చూస్తాను.

మొదట చూసేది గొట్టం. స్లీవ్ (ఫ్రేమ్ మీద ఎక్కించే బొచ్చు తొడుగు) లోపల అట్ట గొట్టం ఉంటే పక్కన పెట్టెయ్. రెజిన్ బరువుకీ తడికీ అట్ట మెత్తబడుతుంది, సాల్వెంట్ ఉన్న మందైతే ఇంకా తొందరగా. సగం నేల అయ్యాక ఫ్రేమ్ మీద జారడం మొదలెడుతుంది. ఫినాలిక్ గొట్టం అని అడుగు, గట్టిగా ఉంటుంది, గోటితో కొడితే తెలిసిపోతుంది.

తర్వాత బట్ట. అల్లిన బట్టా, నేసిన బట్టా అని రెండు రకాలు. అల్లినది మెత్తగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది, కానీ పోగులు వదులుతుంది. గోడ మీద ఒక పోగు ఊడినా ఎవరికీ కనపడదు. నిగనిగలాడే ఎపాక్సీలో ఊడితే భూతద్దం కింద పెట్టినట్టే. నేసిన బట్టలో పోగులు అడుగున బిగిసి ఉంటాయి. నీ ఇంట్లో పడున్నది అల్లికదే అయి ఉంటుంది.

తర్వాత చివర్లు. స్లీవ్ రెండు కొసలూ కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటే ఆ అంచే నేల మీద గీత గీస్తుంది. నువ్వన్న గీతలు అవే. కొస కొంచెం వాలుగా గుండ్రంగా ఉన్నది తీసుకో. అది ఉన్నా సరే, మందు అయిపోతోందని కర్ర మీద బరువు పెట్టి నొక్కితే ఏ రోలరైనా గీస్తుంది. పొడిబారితే ముంచుకోవాలి గానీ పిండుకోకూడదు.

కొత్త స్లీవ్ అయినా సరే, మాస్కింగ్ టేప్ చుట్టూ చుట్టి, గట్టిగా తట్టి, లాగెయ్. ఆ టేప్‌కి ఎంత నూగు వచ్చిందో చూస్తే నీకే భయమేస్తుంది. టేప్ శుభ్రంగా వచ్చేదాకా చెయ్. మూడు నాలుగు సార్లు పడుతుంది.

ఇవన్నీ అయ్యాకే పొడవు. నున్నటి గచ్చుకి 10, గరుకుగా షాట్ బ్లాస్ట్ (సన్న ఇనుప గుళ్లతో కొట్టించడం) చేసిన గచ్చుకి 12. గుంటల్లోకి అందాలి కదా. పైపూతకి 6. అంతకు మించి 18 అన్నది గోడల వాళ్లకి వదిలెయ్.

రెజిన్_రాణి
మేస్త్రి గారూ, ఆ టేప్ సంగతి నాకు ఎవరైనా రెండేళ్ల కిందట చెప్పుంటే ఎంత బాగుండేదో. మా స్టూడియో నేల తెల్ల రంగు. 18 మి.మీ. బొచ్చు రోలర్‌తో వేశాను, ఖరీదైనదే. మర్నాడు చూస్తే నేల మీద గడ్డం మొలిచింది. కనుబొమ్మలు పీకే పట్టకారు పట్టుకుని మోకాళ్ల మీద మూడు గంటలు కూర్చున్నాను. ఒక్కో పోగు పీకితే ఒక్కో చిన్న గుంట మిగిలింది. చివరికి మొత్తం గీకి మళ్లీ వేసుకున్నాను.

ఖాళీ_బకెట్
నేలకి బ్యూటీ పార్లర్. అది కూడా ఇంటి దగ్గరే.

నురగ_పక్షం
అందరూ కలిసి స్పాంజ్ మీద పడ్డారు, నేనొక్కడినే దాని తరఫున. పడవలు కట్టేవాళ్లు ఎపాక్సీని స్పాంజ్ రోలర్‌తోనే వేస్తారు. 3 మి.మీ. మందం ఉన్న పల్చటి గట్టి స్పాంజ్. పూత పల్చగా, సమంగా వస్తుంది, నూగు అన్న మాటే ఉండదు. రోలర్ తిప్పిన వెంటనే బ్రష్‌తోనో స్పాంజ్ ముక్కతోనో బరువు లేకుండా పైపైన లాగితే బుడగలు పగిలిపోతాయి. నేను బల్లలకి, అరలకి ఇలాగే వేస్తా, అద్దంలా వస్తుంది. గోపి గారు వాడింది మెత్తటి లావుపాటి గోడ స్పాంజ్ అయి ఉంటుంది. స్పాంజ్‌లో కులాలు వేరు.

పాత_మేస్త్రి
నురగ పక్షం వారూ, మీరు చెప్పింది తప్పు కాదు, కానీ బల్ల వేరు, నేల వేరు. బల్ల మీద వంగి బ్రష్‌తో లాగుతారు. 30 చదరపు మీటర్ల నేలని ఎవరు లాగుతారు, తడి ఎపాక్సీలో పడుకునా? పైగా ఆ పల్చటి స్పాంజ్ ఒక దఫాలో వేసేది కొద్ది మందం. నేలకి 250 మైక్రాన్లు రావాలంటే ఎన్ని పూతలు వేస్తారు?

నురగ_పక్షం
సరే, నేలకి వద్దు. గోడ వార మూలలకి 4 అంగుళాల చిన్న స్పాంజ్ రోలర్ అయినా ఒప్పుకోండి.

పాత_మేస్త్రి
మూలలకి ఒప్పుకున్నా. కేసు మూసేద్దాం.

బీకరు_బాబు
బకెట్ ఎందుకు కాలిందో ఎవరూ చెప్పలేదు. రెజినూ హార్డెనరూ కలిసినప్పుడు జరిగే చర్యలో వేడి పుడుతుంది. పల్చగా పరిస్తే ఆ వేడి నేలలోకీ గాలిలోకీ పోతుంది. బకెట్‌లో కుప్పగా ఉంటే పోయే దారి లేదు. వేడికి చర్య వేగం పెరుగుతుంది, వేగానికి ఇంకా వేడి పుడుతుంది, అది దాన్ని తరుముతుంది, ఇది దీన్ని తరుముతుంది. 10 డిగ్రీలు పెరిగితే పాట్ లైఫ్ (కలిపిన మందు వాడుకోవడానికి దొరికే సమయం) దాదాపు సగానికి పడిపోతుందని లెక్క వేసుకోవచ్చు. డబ్బా మీద 30 నిమిషాలు అని రాసింది కూడా ఏదో ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకీ, నిర్ణీత పరిమాణానికీ. 8 లీటర్ల కుప్పకి కాదు.

చిక్కబడ్డ రెజిన్‌లో ఏ రోలర్ తిప్పినా గాలి లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. పల్చగా ఉన్నంతసేపూ బుడగ తేలి పగులుతుంది, పగిలిన గుంట పూడుకుంటుంది. చిక్కబడ్డాక ఆ బుడగ అక్కడే శిలాజం.

గ్యారేజీ_గోపి
అంటే రోలర్ మార్చినా అదే బకెట్ పద్ధతైతే అదే గతా?

కోటింగ్_కాకా
గదే చెప్తున్న. బకెట్‌ల రోలర్ ముంచుడు బంద్ చెయ్. రెండు రెండున్నర లీటర్లు కలుపు. నిమ్మలంగ తిరిగే డ్రిల్లు పెట్టి, 300–400 ఆర్‌పీఎం, మూడు నిమిషాలు. జోరుగ తిప్పితే ఆడనే గాలి ఎక్కుతది, మళ్ల రోలర్‌ను తిడ్తవ్. అంచులు, అడుగు గీకి, ఇంకో శుభ్రమైన బకెట్‌లకు మార్చి మళ్ల ఒక నిమిషం కలుపు. కలిపినంక మొత్తం నేల మీదనే పొడుగ్గ పట్టీలెక్క పొయ్యి. నేల మీద ఉన్న మందుకు టైము ఎక్కువ దొరుకుతది. పట్టీని స్క్వీజీతోని గుంజు, వెనకనుంచి రోలర్ ఎయ్. రోలర్ పని మందు మోసుకొచ్చుడు కాదు, సమం చేసుడు.

ఇంకోటి. బకెట్ బోర్లించి చివరి చుక్కదాక కార్చకు. అంచులకు అంటుకున్నది సరిగ్గ కలవనిది ఉంటది. ఆ జాగల జిగురు లెక్క ఉండిపోతది, నెలకు గూడ గట్టిపడదు. నాకు తెల్సి సగం మంది "రోలర్ మంచిగ లేదు, మెత్తటి మచ్చలు పడ్డయ్" అని ఏడ్చేది దీనికే.

రెజిన్_రాణి
కాకా, చివరి మాట నాకే తగిలింది. మా తలుపు దగ్గర ఒక చెయ్యంత మచ్చ ఇప్పటికీ చెప్పులు పట్టుకుంటుంది. బకెట్ అక్కడే బోర్లించాను.

ఇసుక_సిమెంటు
మీరంతా రోలర్, బకెట్ అంటున్నారు. నాకు గచ్చు మీదే అనుమానం. ప్రైమర్ లేదు, పొద్దున తొమ్మిదికి మొదలెట్టారు. కాంక్రీటు నిండా సన్నటి రంధ్రాలు, వాటి నిండా గాలి. ఎండెక్కుతుంటే గచ్చు వేడెక్కి ఆ గాలి వ్యాకోచించి పైకి వస్తుంది. పైన మీరు మూత వేశారు. అది మూతని పొడుచుకుని వస్తుంది. దీనికి ప్రపంచంలో ఉన్న అన్ని రోలర్లూ తెచ్చినా లాభం లేదు. సాయంత్రం గచ్చు చల్లబడుతున్నప్పుడు వేయాలి, అప్పుడు గాలి లోపలికి పీల్చుకుంటుంది. ముందు ప్రైమర్‌తో రంధ్రాలు మూయాలి.

పాత_మేస్త్రి
గచ్చు గాలి నిజమే, కానీ గోపి "నేలంతా నురగ" అన్నాడు. గచ్చు నుంచి వచ్చే బుడగ అలా రాదు. ఇక్కడొకటి అక్కడొకటి, ఒకే చోట మళ్లీ మళ్లీ వస్తుంది, పగిలితే అడుగున కాంక్రీటు కనపడే గుంట మిగులుతుంది. రోలర్ నురగ అయితే సన్నగా, ఆవగింజల్లా, అంతటా సమానంగా.

ఇసుక_సిమెంటు
రెండూ ఉండకూడదని ఏముంది?

మైక్రాన్
వాదన ఎందుకు, గోపి గారు మొబైల్ లైటు నేలకి ఆనించి పక్క నుంచి వేసి చూస్తే తెలిసిపోతుంది. సూది బెజ్జంలా లోతుగా ఉన్నవి ఎన్ని, పైపైన ఉన్నవి ఎన్ని.

గ్యారేజీ_గోపి
చూశా. రెండూ ఉన్నాయి 😐 అంతటా సన్నటి నురగ ఉంది. తలుపు వైపు, ఎండ పడేచోట, లోతు గుంటలు కూడా ఉన్నాయి. రెండో పూత వేసినా సరిగ్గా అవే చోట్ల మళ్లీ తేలాయి.

ఇసుక_సిమెంటు
ఊ.

పాత_మేస్త్రి
సరే సరే, ఆ ఊ అర్థమైంది. ఎండ పడ్డ చోటు మీది, మిగతాది నాది.

కొత్త_చెయ్యి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. బుడగలు తీయడానికే కదా ముళ్ల రోలర్ ఉన్నది? గోపి గారు అదొకటి కొనేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

మైక్రాన్
దాని చోటు వేరు. ముళ్ల రోలర్ సెల్ఫ్ లెవలింగ్‌కి. 2, 3 మి.మీ. మందం తడి రెజిన్‌లో ముల్లు దిగి లేస్తే లోపలి గాలి బయటికి వస్తుంది, చుట్టూ ఉన్న రెజిన్ వచ్చి ఆ గుంట పూడుస్తుంది. 0.27 మి.మీ. పూతలో పూడ్చడానికి చుట్టూ ఏముంది? ముళ్లు నేరుగా కాంక్రీటు మీద గీరుతూ పోతాయి, అంతే.

కోటింగ్_కాకా
సెల్ఫ్ లెవలింగ్ చేసెటోళ్లు ఇది గూడ వినుర్రి. ముల్లు పొడుగు పూత మందం కంటే మంచిగ ఎక్కువుండాలె. లేకుంటే రోలర్ గొట్టమే తడిల మునిగి మందును ఎత్తి ఎత్తి కొడ్తది. పోసి గుంజిన పది నిమిషాలకు ఒకసారి, అవసరమైతే ఇంకోసారి అడ్డంగ. గంతే. గట్టిపడ్డంక ముల్లు పెడితే చీమలు నడిచినట్టు చుక్కలు, అవి ఇగ పోవు. ముళ్ల రోలర్‌తోని నేల చెడగొట్టినోళ్లు, అది లేక చెడగొట్టుకున్నోళ్లకంటే ఎక్కువమంది నాకు ఎరుక.

రెజిన్_రాణి
ముళ్ల చెప్పులు కూడా చెప్పండి కాకా. తడి నేల మీద నడవడానికి వాడేవి. మొదటిసారి అవి కట్టుకుని నిలబడ్డప్పుడు మంచు మీద గేదెలా ఉన్నాను. పట్టీలు పొడి నేల మీదే బిగించుకోవాలి, తడిలో కాదు.

కోటింగ్_కాకా
అడుగు ఎత్తి పెట్టాలె, ఈడ్వొద్దు. ఈడ్చినవంటే ముళ్ల దువ్వెన పెట్టినట్టే.

కొత్త_చెయ్యి
మరి హీట్ గన్‌తో బుడగలు పగలగొట్టే వీడియోలు చూశాను?

బీకరు_బాబు
బల్ల మీద పోసిన రెజిన్‌కి చేస్తారు. పైపై బుడగలు పోతాయి, నిజమే. నేలకి అదే చేస్తే గచ్చుని మళ్లీ వేడెక్కించి లోపలి గాలిని పైకి రమ్మని పిలిచినట్టు. సాల్వెంట్ ఉన్న మందైతే మాట్లాడక్కర్లేదు, ఆవిరికి నిప్పంటుకుంటుంది.

గ్యారేజీ_గోపి
ముళ్లది కొట్టేశా లిస్టులోంచి. వెడల్పు సంగతి? 9 అంగుళాలా, 18 అంగుళాలా?

మైక్రాన్
18 అయితే సగం వరసలు, సగం అతుకులు. సమయం కూడా సగం, పాట్ లైఫ్ ఉన్న మందుకి అదే పెద్ద లాభం.

పాత_మేస్త్రి
ఒంటరిగా చేస్తున్నావా? అలాగైతే 9. 18 అంగుళాల రోలర్ మందు తాగితే దాని బరువు నీకు పదో నిమిషంలో తెలుస్తుంది. ఒకవైపు ఎక్కువ నొక్కుతావు, మళ్లీ గీత. 18 వాడాలంటే ఫ్రేమ్ రెండు వైపులా పట్టుకునేదుండాలి, ఒకవైపు చెయ్యి ఉన్నది కాదు. పక్కన మందు కలిపే మనిషి ఉండాలి.

మైక్రాన్
నేను ఒంటరిగా 18తో చేశాను, బానే వచ్చింది.

పాత_మేస్త్రి
మీ వయసెంత?

మైక్రాన్
అర్థమైంది 🙏

రెజిన్_రాణి
గోపి గారు, ఏ వెడల్పైనా ఈ వరస పాటించండి. ముందు ఒక దిక్కున తిప్పండి, ఆ ముక్క అయిపోయాక దానికి అడ్డంగా, చివర్న మళ్లీ మొదటి దిక్కున బరువు లేకుండా. ప్రతి వరసా పక్క వరస మీదికి కొంచెం ఎక్కాలి. తడి అంచు ఆరకముందే తర్వాతి ముక్క దానికి కలవాలి. పూర్తయిన చోటుకి వెనక్కి వెళ్లి "ఇక్కడొక్కటి సరిచేస్తా" అనుకోకండి. నేను అనుకున్నాను. ఆ "ఇక్కడొక్కటి" ఇప్పటికీ అక్కడే ఉంది.

ఖాళీ_బకెట్
మొత్తానికి మీ స్టూడియో నేల ఒక పాఠ్యపుస్తకం.

రెజిన్_రాణి
బొమ్మలతో సహా.

కొత్త_చెయ్యి
ఒక పూతకి వాడిన రోలర్‌ని కవర్‌లో చుట్టి మర్నాడు వాడుకోవచ్చా? గోడల రంగుకి అలాగే చేస్తాను.

బీకరు_బాబు
కుదరదు. గోడ రంగు గాలికి ఆరుతుంది, గాలి తగలకుండా చుడితే ఆగుతుంది. ఇది గాలి లేకపోయినా తనలో తానే గట్టిపడుతుంది. చుట్టి పెడితే వేడి లోపలే నిలిచి ఇంకా తొందరగా రాయి అవుతుంది.

ఖాళీ_బకెట్
ఫ్రిజ్‌లో పెడితే?

బీకరు_బాబు
నెమ్మదిస్తుంది, ఆగదు. ఫ్రిజ్‌లో ఏముందని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు చెప్పే జవాబు మాత్రం నా దగ్గర లేదు.

పాత_మేస్త్రి
స్లీవ్ పూతకొకటి. కడిగి దాచుకుందామని కక్కుర్తి పడొద్దు. కడగడానికయ్యే సాల్వెంట్ ఖర్చే కొత్త స్లీవ్‌ని మించుతుంది, పైగా లోపల మిగిలిన కణికలు తర్వాతి పూతలో రాలతాయి. పొడుగ్గా సాగే పనైతే మధ్యలో కూడా మార్చు. రోలర్ లాగుతున్నట్టు, చప్పుడు మారినట్టు అనిపించిందా, తీసెయ్. తడి రోలర్ చప్పుడు వేరు, గట్టిపడుతున్న రోలర్ చప్పుడు వేరు. ఒకసారి చెవికి పడితే మర్చిపోవు.

గ్యారేజీ_గోపి
ఇప్పుడున్న నేలని ఏం చేయాలి? నేరుగా పైన వేసేయొచ్చా?

ఇసుక_సిమెంటు
వద్దు. ముందు గోరువెచ్చని నీళ్లతో తుడిచి చూడండి. కొన్ని ఎపాక్సీల మీద తేమకీ చలికీ జిడ్డులాంటి పొర వస్తుంది. అది నీళ్లకి పోతుంది, గీకితే పోదు సరికదా ఇంకా లోపలికి రుద్దుకుపోతుంది. కాబట్టి కడిగాకే గీకుడు. 80 నంబరు శాండ్ పేపర్‌తో నురగ మొత్తం పోయేదాకా, మెరుపంతా చచ్చేదాకా. తర్వాత వాక్యూమ్, తర్వాత పోగులు వదలని గుడ్డతో తుడుపు. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ అక్కడే వాలుతుంది. లోతు గుంటలు ఉన్నచోట ఎపాక్సీ పుట్టీ నింపండి, అది ఆరాక మళ్లీ గీకండి. ఎక్కడైనా కాంక్రీటు బయటపడితే అక్కడ ప్రైమర్.

గీకేటప్పుడు మాస్కు, వేసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్. చేతికి అంటితే థిన్నర్‌తో కడుక్కునేవాళ్లని చూశాను, అది రెజిన్‌ని చర్మంలోకి ఇంకా దింపుతుంది. సబ్బు నీళ్లే.

బీకరు_బాబు
ఇది తేలిగ్గా తీసుకోకండి. ఎపాక్సీ ఒంటికి పదేపదే తగిలితే ఒకరోజు హఠాత్తుగా ఒళ్లు ఒప్పుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత చిన్న చుక్కకి కూడా దద్దుర్లే, అది తగ్గే రకం కాదు.

నురగ_పక్షం
ఒక చిన్న చేర్పు. తడి పడితే ఆ వర్క్‌షాపులో జారి పడతారు. పైపూతలో సన్న అల్యూమినియం ఆక్సైడ్ పొడి కలిపితే కాలు పట్టు దొరుకుతుంది. అప్పుడు 6 మి.మీ. రోలర్ పొడిని సరిగ్గా పరవదు, ఒకచోట కుప్ప వేసి ఇంకోచోట ఖాళీ వదిలేస్తుంది. 10కి వెళ్లండి, బకెట్ మధ్య మధ్యలో కలుపుతూ ఉండండి, పొడి అడుగుకి దిగిపోతుంది.

పాత_మేస్త్రి
ఇది మంచి మాట. స్పాంజ్ మీద కోపం సగం తగ్గింది.

గ్యారేజీ_గోపి
తొమ్మిది రోజుల తర్వాత వచ్చా. అయిపోయింది.

ఏం చేశానంటే: కడిగి, గీకి (రెండు రోజులు, ఎవరూ అంత తేలిక అని చెప్పొద్దు), తలుపు దగ్గర గుంటలు పుట్టీతో నింపి, కాంక్రీటు తేలిన చోట ప్రైమర్ కొట్టా. 9 అంగుళాల నేత స్లీవ్, 10 మి.మీ., ఫినాలిక్ గొట్టం. షాపులో గోటితో కొట్టి కొట్టి చూస్తుంటే ఆయన నన్ను వింతగా చూశాడు. టేప్ నాలుగుసార్లు చుట్టి లాగేశా. మొదటి టేప్ పిల్లి మీద వేసి తీసినట్టు వచ్చింది మేస్త్రి గారూ, మీరన్నట్టే భయమేసింది.

సాయంత్రం అయిదున్నరకి మొదలెట్టా. రెండున్నర లీటర్ల చొప్పున మూడు కలుపులు, మా బావమరిది కలిపాడు. నేల మీద పోసి స్క్వీజీతో లాగి, వెనక రోలర్. రెండో కలుపుకే స్లీవ్ మార్చా, చప్పుడు మారింది అనిపించింది. నిజంగా మారిందో మీ మాట చెవిలో పడి మారినట్టనిపించిందో తెలీదు.

ఫలితం: నురగ లేదు. గీతలు లైటు పెట్టి వెతికితే ఒకచోట ఉన్నాయి, అక్కడ మా బావమరిది "నేనూ ఒకసారి తిప్పుతా" అన్నాడు. తలుపు దగ్గర రెండు గుంటలు మళ్లీ తేలాయి, ఇసుక సిమెంటు గారికి అంకితం. నూగు సున్నా. ఒక దోమ మాత్రం శాశ్వతంగా మధ్యలో ఉండిపోయింది.

ఇసుక_సిమెంటు
ఆ రెండు గుంటల దగ్గర ప్రైమర్ ఒక్క చెయ్యే వేసుంటారు. గచ్చు బాగా పీల్చేదైతే రెండు చేతులు పడుతుంది. ఇప్పుడైతే పుట్టీ పెట్టి అంతవరకే అద్దండి.

రెజిన్_రాణి
దోమని పీకకండి. అనుభవంతో చెప్తున్నాను.

పాత_మేస్త్రి
బాగా చేశావు. బావమరిదికి ఈసారి కలపడం వరకే.

కోటింగ్_కాకా
తమ్మీ, పనైనంక స్లీవ్ ఫ్రేమ్ నుంచి గుంజి తీసినవా, అట్లనే పెట్టినవా?

గ్యారేజీ_గోపి
మొదటిది తీశా.

కోటింగ్_కాకా
రెండోది?

గ్యారేజీ_గోపి
టీ తాగి వద్దామని వెళ్లాం కాకా.

ఖాళీ_బకెట్
ఇప్పుడు అది రోలర్ కాదు, రోకలి.